కుట్టు గోడ

తీర మండలికి సమర్పించవలసిన నిర్ణయ దినచర్య. ఊరు రేవుదిబ్బ. రాసినది పసుమర్తి ఉదయభాను, గిడ్డంగుల ఇంజినీరు. నియమం ప్రకారం ఇందులో చేసిన పని, తీసిన కొలతలు మాత్రమే ఉండాలి. నాకు అలా రాయడం చేతకాదని మండలిలో అందరికీ తెలుసు. తెలిసే పంపారు, భరించండి.

తుఫానుకు 41 రోజులు

ఉదయం రైలు దిగాను. స్టేషను గోడ మీద గాలి బల్ల వెలుగుతోంది. ఈ ఏటి ఏడో తుఫాను నలభై ఒక్క రోజుల తర్వాత, సాయంత్రం ఆరున్నరకు ఇక్కడ తీరం దాటుతుందట. మా తాతల కాలంలో రెండు రోజుల ముందు కూడా గట్టిగా చెప్పలేకపోయేవారు. ఇప్పుడు గంటతో సహా తెలుస్తుంది. తెలిసి ఏం లాభం, ఏడాదికి తొమ్మిది వస్తుంటే! ఊరంతా ఆ పూట రైలెక్కి కొండ సొరంగంలో తలదాచుకుంటుంది. తిరిగొచ్చి, పడిపోయినవి నిలబెట్టుకుంటుంది.

నా పని చిన్నది. గత తుఫానుకు ఈ ఊరి సిమెంటు గిడ్డంగి కూలిపోయింది. దాని బదులు నలభై షెడ్లు కట్టాలి, నాలుగు కుటుంబాలకు ఒకటి. చెక్కతోనా, ఉక్కుతోనా అన్నది నేను తేల్చాలి. ఫారంలో రెండే గళ్ళు ఉన్నాయి. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

నాతోపాటు గూడ్సు పెట్టెలో అచ్చు బండి కూడా దిగింది. కూలిన గాలిమరల స్తంభాలనూ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల రేకునూ కరిగించి గోడలు, కప్పు, తలుపు పోసి ఇస్తుంది. ఒక షెడ్డుకు ఒక్క రోజు చాలు. ముప్పై ఏళ్ళుగా నేను ఉక్కు మనిషిని. నిజం చెప్పాలంటే రైల్లోనే ఉక్కు గడిలో పెన్సిలుతో చుక్క పెట్టేశాను.

ఊరి పెద్ద మడ్డు లోకనాథం స్టేషను నుంచి నేరుగా బడికి తీసుకెళ్ళాడు. కప్పు ఎగిరిపోయిన గదిలో, టార్పాలిను కింద నూట ఇరవై బస్తాల విత్తనాలు ఉన్నాయి. ఎర్ర వడ్లు. వాటిని ఉప్పెర్ర అంటారు.

"ఈ ఉప్పు నేలలో మొలిసేది ఇదొక్కటే, ఇంజినీరు బాబూ. తొమ్మిదేళ్ళు పట్టింది మాకు దీన్ని నిలబెట్టుకోడానికి. ఇంకెక్కడా నేదు," అన్నాడు.

మండలి నిబంధన అతనికి నాకంటే బాగా తెలుసు. వచ్చే పంట కారుకు సగం పొలమైనా నాటకపోతే ఊరు మూసేస్తారు. నూట అరవై కుటుంబాలనూ మెట్ట మీది అంతస్తుల ఇళ్ళకు తరలిస్తారు. సగం పొలానికి అరవై బస్తాల మంచి విత్తనం కావాలి.

తుఫానుకు 39 రోజులు

ఉక్కు షెడ్డు లేచి నిలబడింది. ముద్దొచ్చేలా ఉంది. చీమ దూరే సందు లేదు. ఎలుక పన్ను దిగదు. తేమ లాగే ఫ్యాను, దానికి బ్యాటరీ, తేమ చూపే మీటరు, అన్నీ అమర్చాను. నా భుజం నేనే తట్టుకుంటుంటే వెనక నుంచి ఎవరో గోడను వేలి కణుపుతో కొట్టారు.

వచ్చినామె పేరు సీపాన గున్నమ్మ. అరవై నాలుగేళ్ళు. కుట్టు పడవలు చేసే ఇంటి మనిషి. సముద్రం ఈ తీరాన్ని సగం మింగాక పడవలు పోయాయి కానీ, పని ఆమె చేతుల్లోనే ఉండిపోయింది.

"ఏటి బాబూ, గింజల్ని డబ్బాలో ఏసి మూత బిగించేస్తావేటి? బతికున్న గింజలు. ఊపిరాడొద్దేటి?"

"ఫ్యాను ఉందమ్మా."

"కరెంటు పోతే?"

"బ్యాటరీ ఉంది."

"అది అయిపోతే?"

కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళ అనుభవం గురించి ఏదో చెప్పాను. ఆమె కొంగు ముడిలోంచి ఒక గింజ తీసి కొరికింది. టక్కుమంది. బాగా ఆరిన గింజ అలా పలుకుతుందట. నన్నూ కొరకమంది. నా కుడి దవడకు ఉక్కు తొడుగు పన్ను ఉంది, దానితో కొరికాను. ఏమీ తెలియలేదు.

"ఇనప పన్నుకి గింజ మాట ఇనబడదులే," అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

సాయంత్రం సభలో లోకనాథం తేల్చి చెప్పాడు. "గింజలు మాయి. సగం నీ షెడ్డులో పెడతాం, సగం గున్నమ్మప్ప కట్టిన దాంట్లో పెడతాం. తుఫాను పోయాక ఏది బాగుంటే దానికే టిక్కు ఎట్టు."

రెండూ కట్టి చూడాలని నిబంధనల్లోనూ ఉంది. సరే అన్నాను. ముసలావిడ చెక్కల పెట్టె ఎలా ఉంటుందో చూద్దామని ఒక కొంటె సరదా కూడా ఉంది నాలో.

తుఫానుకు 27 రోజులు

ఆ కొంటెతనం పన్నెండు రోజుల్లో పోయింది. నిలబడి చూడటం తప్ప ఇంకేం చేయడం లేదు నేను. అచ్చు బండిని పక్క ఊరి వంతెన పనికి అప్పిచ్చాను.

పచ్చని చెట్టు కొట్టడం ఇక్కడ నేరం. తుఫానుకు పడిన పనస మానులనే ఏడాది పాటు ఉప్పు కాలవలో నానేసి, నీడన ఆరబెట్టి పలకలు కోస్తారు. గున్నమ్మ ప్రతి పలకనూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వింటుంది. ఐదింటిలో ఒకటి పక్కన పడేస్తుంది. పడేసిన ఒకదాన్ని అనుమానంతో నేను లోపలి పగుళ్ళు చూపే మీటరు పెట్టి చూశాను. లోపల జాన పొడవున బోలుగా ఉంది. మీటరు సంచిలో పెట్టేసుకున్నాను.

మేకు లేదు, బోల్టు లేదు. పలక అంచుల్లో బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేస్తుంది, రవికె కుట్టినట్టు. ఇద్దరు చెరో వైపూ గోడకు కాలు తన్నిపెట్టి తాడు లాగుతారు. ఆమె "చాలు" అనగానే ఆపాలి. ఇంకొక్క లాగు లాగితే ఒప్పుకోదు, విప్పించి మళ్ళీ కట్టిస్తుంది.

ఇంకో పద్ధతి ఉంది ఇక్కడ. షెడ్డులో ఎవరి గింజలు ఉంటాయో, ఆ నాలుగు ఇళ్ళ మనుషులందరూ తలో కుట్టు కట్టాలి. ఈ షెడ్డు ఊరి విత్తనానిది కాబట్టి ఇంటికొకరు చొప్పున వచ్చారు. కట్టినవాళ్ళకే విప్పడం తెలుస్తుందట. పాలు తాగే పిల్ల వేళ్ళకు కూడా తాడు తాకించి, ఆ పిల్ల పేరు మీద తల్లి ముడి వేసింది. చివర్లో గున్నమ్మ నన్ను పిలిచి ఈశాన్యం మూల కుట్టు ఒకటి నాకిచ్చింది.

"ఒడ్ల గింజంత వదులుంచు," అంది.

వదులుగా కడితే ఏం కట్టినట్టు? ఆమె అటు తిరగగానే బలమంతా పెట్టి బిగించాను. ఈ మాట ఇక్కడ రాస్తున్నాను కానీ ఆమెకు చెప్పలేదు.

తుఫానుకు 12 రోజులు

చెక్క షెడ్డు పూర్తయింది. మోకాలెత్తు తాటి మొద్దుల మీద నిలబడింది. లోపలికి వెళ్తే పనస వాసన. ఇంత అందమైన గిడ్డంగిని నేనెప్పుడూ చూడలేదు. నాది యంత్రం పోసింది, ఇది మనుషులు కట్టింది. తలుపు దగ్గర కూర్చుని మధ్యాహ్నం భోజనం చేశాను, ఊరికే.

ఒక్కటే దిగులు. ఇరవై రోజులుగా చినుకు లేదు, పడమటి వేడి గాలి కొడుతోంది. గోడ పలకల మధ్య సన్నటి సందుల్లోంచి వెలుతురు కనబడుతోంది. చాకు మొన పెడితే దూరింది.

"అప్పా, ఈ సందుల్లోంచి వాన కొట్టదా?" అన్నాను. ఇక్కడ అక్కను అప్ప అంటారు; ఆమెను అలా ఎప్పటి నుంచి పిలుస్తున్నానో గుర్తులేదు.

"వానొస్తే మూసుకుంటాది బాబూ. ఎండొస్తే తెరుసుకుంటాది. గోడ పని గోడని సేసుకోనీ."

పెద్దవాళ్ళు అలా అంటూనే ఉంటారనుకున్నాను. అరవై బస్తాలు ఇందులో, అరవై అందులో సర్దాం.

తుఫానుకు 3 రోజులు

గున్నమ్మ పీచు తాడు కోసం పక్క ఊరు వెళ్ళింది, తుఫాను నాటి ఉదయం వస్తుంది. ఊరివాళ్ళు మేకల్ని రైలు స్టేషనుకు తోలే హడావిడిలో ఉన్నారు.

నేను మాత్రం ఆ సందుల్నే చూస్తూ కూర్చున్నాను. గంటకు రెండు వందల కిలోమీటర్ల గాలిలో వాన అడ్డంగా కొడుతుంది. ఇంత మంచి పని, ఈ సన్నటి గీతల వల్ల పాడైపోతుందే అని ప్రాణం ఒప్పలేదు. ఉక్కు షెడ్డు అతుకులకు వాడే నల్ల రబ్బరు బంక నా దగ్గర నాలుగు డబ్బాలు మిగిలింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అన్ని సందుల్లోనూ వేలితో కూరాను. రెండు గంటల పని. ఒక్క వెలుతురు చుక్క లేకుండా పోయింది. అప్పకు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

వేళ్ళకు అంటిన నలుపు కిరోసినుతో తోమినా పోలేదు.

తుఫాను రోజు

ఇది సొరంగంలో కూర్చుని రాస్తున్నాను.

తెల్లారేసరికి తుంపర మొదలైంది. పది గంటలకు గున్నమ్మ తాడు చుట్టలతో రైలు దిగి నేరుగా షెడ్డుకు వచ్చింది. నేనూ, లోకనాథం అక్కడే ఉన్నాం. ఆమె గోడను చూసి ఆగిపోయింది. నడిమి పలకలు బయటకు ఉబ్బాయి. మేం చూస్తుండగానే ఈశాన్యం మూల ఫట్టుమని ఒక కుట్టు తెగింది. నా కుట్టే.

అప్పుడు అర్థమైంది నాకు. తడికి పలకలు ఉబ్బుతాయి. ఉబ్బడానికే ఆ సందులు. గోడ తనంతట తాను తలుపు మూసుకోవడానికి ఉంచుకున్న చోటంతా నేను రబ్బరుతో నింపేశాను. తుంపరకే ఇలా ఉంటే, తుఫాను వానకు కుట్లన్నీ తెగి గోడ విచ్చుకుంటుంది. అరవై బస్తాలు నీళ్ళపాలు.

లోకనాథం గోడకు అంటుకుని ఉన్న నల్ల బంకను గోరుతో గీకి చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఎవడు పూసినాడిది? అప్పా, ఈ గోడ నీ పనే కదా!"

యాభై మూడేళ్ళ మనిషిని, నలభై గిడ్డంగులు కట్టినవాణ్ణి, నేనేనని చెప్పకుండా చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.

గున్నమ్మ నా వైపు చూడలేదు. "నా గోడే. ఎవరు పూస్తే ఏటి ఇప్పుడు? రైలు నాలుగింటికి. ఇంటికొకర్ని రమ్మను, కోరాములు తెమ్మను," అంది.

వచ్చారు. ఇంటికొకరు కాదు, సగం ఊరు వచ్చింది. ప్లాట్‌ఫారం మీద సామాన్లు పడేసి, కొబ్బరి కోరే కోరాములు, కొడవళ్ళు, గరిటెలు, ఒకామె అట్లకాడ, ఏది చేతికి దొరికితే అది పట్టుకొచ్చారు. ఎవరూ ఎక్కడ గీకాలని అడగలేదు. ఎవరు కట్టిన కుట్టు దగ్గర వాళ్ళు నిలబడి, కుట్టు వదులు చేసి, సందులో బంక గీకి, మళ్ళీ కట్టారు. ఆరిన బంక పాము కుబుసంలా పొడుగ్గా ఊడి వచ్చింది. పిల్ల పేరు మీద ముడి వేసిన తల్లి, పిల్లను చంకనేసుకునే గీకింది. కట్టినవాళ్ళకే విప్పడం తెలుస్తుందన్న మాటకు అర్థం నాకు ఈ రోజు కళ్ళారా కనబడింది. మండలి ఇంజినీర్లు నలభై మందిని దింపినా ఆ ఐదు గంటల్లో ఆ పని అయ్యేది కాదు.

గున్నమ్మ నా చేతికి ఒక కోరాము ఇచ్చింది. తీసుకోవడానికి జేబులోంచి చేయి తీశాను. తెగిన కుట్టు ఆమే కట్టేసింది.

మూడున్నరకు చివరి సందు తేలింది. అప్పటికి వాన జోరందుకుంది, పలకలు ఒకదానికొకటి దగ్గరగా జరుగుతున్నాయి. పరిగెత్తి రైలెక్కాం. కూర్చోడానికి చోటులేక పైకమ్మీ పట్టుకుని నిలబడ్డాను. చుట్టూ అందరూ తడిసి ఉన్నారు. ఎవరూ నాతో మాట్లాడలేదు. అలసిపోయారనుకున్నాను.

తుఫాను తర్వాత 5వ రోజు

పట్టాల మీద నీళ్ళు తగ్గేదాకా ఆగి, ఈ ఉదయం తిరిగొచ్చాం. కరెంటు ఇంకా లేదు. నిన్నటి నుంచి ఎండ మండిపోతోంది.

ఉక్కు షెడ్డు గీత పడకుండా నిలబడి ఉంది. గర్వంగా తలుపు తీశాను. లోపల వాన కురుస్తోంది. బ్యాటరీ రెండు రోజులకే అయిపోయింది. ఫ్యాను ఆగింది. గింజలు వదిలిన తేమ రాత్రి చల్లబడిన రేకుకు చెమటలా పట్టి కారుతోంది. పై బస్తాలు ముద్దయ్యాయి. కింద వాటికి బూజు.

చెక్క షెడ్డు ఒక పక్కకు బెత్తెడు వాలింది. గోడల్లో కాగితం దూరే సందు కూడా లేదు. లోపల అడుగు పెడితే నా అరికాలికి పొడి నేల తగిలింది. గున్నమ్మ ఒక గింజ కొరికింది. టక్కుమంది. లోకనాథం బస్తా మీద తల ఆనించి ఏడ్చాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

అయితే నాలుగు బస్తాలు ఎలుకల పాలయ్యాయి. వరద నీటికి అవి తాటి మొద్దులెక్కి, నేల పలక కొరికి లోపలికి వచ్చేశాయి. మిగిలినవి యాభై ఆరు. కావలసినవి అరవై.

అప్పుడు గున్నమ్మ నా ఉక్కు షెడ్డులోకి వెళ్ళి కూర్చుంది. బస్తా బస్తాకూ మూడు చోట్ల గింజ తీసి కొరికింది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం మూడయింది. నీళ్ళు పుక్కిలించడానికి తప్ప లేవలేదు. నడిమి వరసల్లో పదకొండు బస్తాలు వేరు చేసి, "ఇవి బాగున్నాయి బాబూ. నీదీ ఉత్త డబ్బా కాదులే," అంది. దవడ పట్టుకుని మరీ నవ్వింది.

తుఫాను తర్వాత 14వ రోజు

ప్రతి బస్తా నుంచి వంద గింజలు తడి గుడ్డలో కట్టి మొలక లెక్కపెట్టాం. చెక్క షెడ్డువి వందకు తొంభై రెండు. ఆమె కొరికి వేరు చేసిన పదకొండు బస్తాలవి ఎనభై ఎనిమిది. మొత్తం అరవై ఏడు బస్తాల మంచి విత్తనం ఉంది. రేవుదిబ్బ సగం పొలం నాటుతుంది. ఊరు ఇక్కడే ఉంటుంది.

నా నిర్ణయం: చెక్క గడిలో టిక్కు పెట్టాను. పక్కన ఖాళీలో రెండు మాటలు రాశాను, ఫారం పాడైందని వెనక్కి పంపకండి. ఎలుక ఎక్కని, చెద పట్టని ఉక్కు కాళ్ళు, కాళ్ళకు బోర్లించిన గిన్నెల్లాంటి రేకు అడ్డులు అచ్చు బండి పోసి ఇస్తుంది. గోడలు పనసవి, కుట్టువి. ఈ మాట నాది కాదు. "కాళ్ళు నీ దగ్గర తీసుకుంటాను. ఒళ్ళు మాత్రం నానే కడతాను," అన్నది గున్నమ్మ. రూపకర్త అన్న చోట ఆమె పేరే రాశాను.

పంపే ముందు ఒక పని మిగిలింది. బంక సంగతి ఉన్న పేజీలు చింపేస్తే ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆ ఆలోచనతోనే తిరిగాను. ఇవాళ ఉదయం షెడ్డు దగ్గరకు వెళ్ళి, గున్నమ్మనూ లోకనాథాన్నీ కూర్చోబెట్టి ఆ పేజీలు చదివి వినిపించాను. ఎక్కువ బిగించిన కుట్టు సంగతి కూడా.

విన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోకనాథం తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు.

"ఆ బంక పచ్చిగా ఉన్నప్పుడు అంటితే నెల్లాళ్ళు పోదు బాబూ," అంది గున్నమ్మ. "నానిచ్చిన కోరాము పట్టుకున్నప్పుడు సూసినాను నీ సేతి ఏళ్ళు. ఆనక రైల్లో కమ్మీ పట్టుకుని నిలబడ్డావు, ఊరంతా సూసింది. నువ్వే సెప్తావులే అని ఊరుకున్నాం."

నా చేతుల వైపు చూసుకున్నాను. గోళ్ళ చుట్టూ ఇంకా నల్లగానే ఉంది.

ఆమె లేచి ఈశాన్యం మూలకు నడిచింది. తుఫాను నాడు తాను కట్టిన కుట్టు విప్పి, కొత్త తాడు నా చేతిలో పెట్టింది. ఈసారి వడ్ల గింజంత వదులుంచి కట్టాను. ఆమె వేలితో మీటి చూసి, చాలు అంది.